పువ్వు బొమ్మ, మెరుపు మీద గీత

కొల్లేటి లంక, కలిదిండి మండలం
4 జూన్ 2006, ఆదివారం

చెల్లెలు ప్రభావతికి,

వందనాలు చివర్లో చెబుతాను. ముందు తొమ్మిదేళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్న మాట చెప్పనీ.

తాడేపల్లిగూడెంలో నువ్వూ బావా ఇల్లు కట్టుకుని, పాస్టరుగారితో ప్రార్థన చేయించి గడప దాటిన రోజున అందరం వరసగా నిలబడి ఫోటో దిగాం. నేను ఎడమ చివర నిలబడ్డాను. బావ కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించాను. తెల్ల పంచె, కొత్త చొక్కా. కలిదిండి వెళ్ళి గడ్డం కూడా గీయించుకొచ్చాను. ఆ ఏడు క్రిస్మసుకి మీ ఇంటికి వస్తే హాల్లో గోడకి ఆ ఫోటో పెద్దది చేయించి తగిలించారు. అందులో అందరూ ఉన్నారు. నేను లేను. నా మోచెయ్యి ఉంది. బావ కుర్చీ మీద ఒక మోచెయ్యి, ఎవరిదో కూడా తెలీదు. మంచినీళ్ళు తాగి, పడవ వేళయిందని చెప్పి వచ్చేశాను. అప్పటికి పడవ వేళ కాలేదు.

"అడగండి, ఎందుకు కోసేశారో అడగండి" అని మీ వదిన సువార్తమ్మ అప్పటి నుంచీ పోరుతూనే ఉంది. నేను అడగను. మళ్ళీ మీ గడప తొక్కలేదు, అంతే. నువ్వేమో అన్నయ్యకి చేపల చెరువు కాపలా వదిలి రావడం కుదరదని అందరికీ చెబుతున్నావట. ఇప్పుడు కాపలా కాయడానికి చెరువే లేదు. ఈ వేసవిలో సర్కారువాళ్ళు కొల్లేట్లో చెరువు గట్లన్నీ కొట్టేశారు. మా అరుగు మీద కూర్చుంటే అవతలి ఒడ్డు దాకా కంటికి అడ్డం లేదు. ఇక ఆ మాట చెప్పకు.

నీ ఉత్తరం అందింది. అమ్మ ఫోటో పంపితే పెద్దది చేయించి పెళ్ళినాటికి హాల్లో పెడతానన్నావు. పెళ్ళి అన్న మాట ఆ ఒక్కచోటే రాశావు. నీ కూతురు క్రిస్టినాకి సంబంధం కుదిరిందని, ఆగస్టు ఇరవై నాలుగున పెళ్ళని నాకు ముందు చెప్పిందెవరో తెలుసా? చేపల లారీ ఏడుకొండలు. మేనమామకి లారీ డ్రైవరు చెప్పాడు. బావ పక్షవాతంతో మంచం పట్టాడు గనక ఆయన అన్నగారు హైదరాబాదు నుంచి వచ్చి, సూటు వేసుకుని, పిల్లను గుళ్ళోకి నడిపిస్తారని కూడా వాడే చెప్పాడు. తండ్రి నడవలేనప్పుడు మన ఇళ్ళల్లో పిల్లను మేనమామ నడిపిస్తాడు. అది నీకు తెలుసు. నన్ను పిలవమని నేను అడగడం లేదు. నాకూ తెలుసని చెబుతున్నా.

అమ్మ ఫోటో పంపను. ఉన్నది అదొక్కటే. మిషను దొరసానమ్మ మన గుడి ముందు తీసింది. నువ్వు అమ్మ చంకలో, నేను అమ్మ చీర చెంగు పట్టుకుని. మీ ఇంటికి వచ్చిన ఫోటోల్లోంచి మనుషులు రాలిపోతారు. కావాలంటే నువ్వే వచ్చి చూసుకుపో.

ఫోను చేయకు. మంగాయమ్మ కొట్లో ఫోనులో నువ్వు నన్ను ఏదడిగినా కొట్లో కూర్చున్నవాళ్ళు జవాబు చెబుతారు. కాగితం మీద రాయి.

మూడో తరగతి చదువుతో ఇంత రాశాను. చెయ్యి పీకుతోంది. ఇప్పుడు వందనాలు.

మీ గోడ మీది మోచెయ్యి గల
నీ అన్న బాలస్వామి


తాడేపల్లిగూడెం
15 జూన్ 2006

ప్రియమైన అన్నయ్యకు, వదినకు,

ప్రభువు పేరిట మీ చెల్లెలు వందనాలు. మీ ఉత్తరం చదివి ఆ పూట పొయ్యి వెలిగించలేదండి. క్రిస్టినా ఏలూరులో తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి రైలు దిగి ఇంటికొచ్చి, "ఏమైందమ్మా, వంట చేయలేదు?" అంటే, మీ మావయ్య ఉత్తరం రాశారు అన్నాను. అదీ తీసుకుని చదివింది.

ఆ మోచెయ్యి సంగతి కాగితం మీద రాస్తే తెలిసేది కాదు. మీరు వచ్చిన రోజున ఆ ఫోటో ముందే నిలబెట్టి చూపిస్తాను. ఇప్పటికి ఇంతే. పెళ్ళి సంగతి ముందు మీకు రాయకపోవడం నాదే తప్పు. ఇన్నేళ్ళు మా ఇంటికి రాని మనిషి, పిలిస్తే ఏమంటారోనన్న భయంతో రోజూ రేపు రేపనుకున్నాను.

నేనే రావాలని ఉంది. బడికి కూడా సెలవు పెట్టి మీ బావగారిని చూసుకుంటున్నాను, ఒక్కపూట కూడా వదిలి కదలలేను. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట లేదు. గోడ వైపు చూస్తూ పడుకుంటారు. చెంచాతో పెడితే తింటారు. అందుకే ఇంకో ఉపాయం చేశాను. అమ్మ ఫోటో మీ ఇల్లు దాటక్కర్లేదు. క్రిస్టినా కిందటేడు కొనుక్కున్న చిన్న డిజిటల్ కెమెరా ఏడుకొండలు చేతికిచ్చి పంపుతున్నాను. మీరే అమ్మ ఫోటోకి ఫోటో తీయండి.

ఎలాగో చెబుతాను, జాగ్రత్తగా చదవండి. పైన చిన్న చక్రం ఉంది. దాన్ని కెమెరా బొమ్మ దగ్గరే ఉంచండి, తిప్పొద్దు. వెనకాల గుండ్రటి మీట ఉంది. దాన్ని నాలుగు వైపులా నొక్కవచ్చు. ఎడమ వైపు పువ్వు బొమ్మ. దగ్గరి వస్తువులకి ఆ పువ్వు తెర మీద కనపడాలి. కుడి వైపు మెరుపు బొమ్మ. మెరుపు మీద అడ్డగీత పడేదాకా నొక్కాలి. లేకపోతే ఫ్లాష్ పడి అమ్మ ముఖం తెల్లబారిపోతుంది. పైన మీట సగం నొక్కి ఆగితే తెర మీద గడి పచ్చగా మారుతుంది. అప్పుడు పూర్తిగా నొక్కాలి.

పానా బొమ్మ ఉన్న చోటికి మాత్రం వెళ్ళకండి. అక్కడ భాష, తేదీ, అన్నీ మారిపోతాయి. చెత్తబుట్ట బొమ్మ నొక్కితే తీసిన ఫోటో పోతుంది. డబ్బాలో ఉన్న వస్తువులన్నీ జాగ్రత్త అన్నయ్యా, తిరిగి పంపండి.

వదినని అడిగానని చెప్పండి.

మీ చెల్లెలు
ప్రభావతి


కొల్లేటి లంక
27 జూన్ 2006

ప్రభావతికి,

మేం బాగున్నాం. బావని చూసుకో.

నీ కెమెరా అందింది. దెందులూరు దగ్గర లారీ టైరు పేలి ఏడుకొండలు ఒక రాత్రి అక్కడే ఆగిపోయాడట. కెమెరాని తలకింద పెట్టుకుని పడుకున్నానని నాకు చెప్పి, కాఫీ తాగి, రెండు కొరమేనులు పట్టుకుపోయాడు.

పానా బొమ్మ దగ్గరికి వెళ్ళొద్దన్నావు. కెమెరా తెరవగానే ముందు అక్కడికే వెళ్ళాను. వద్దన్నచోట ఏముందో చూడొద్దా? ఏదో నొక్కితే తెర మీద ఉన్న ఇంగ్లీషు పోయి కోడి గెలికినట్టు ఏవో గీతలొచ్చాయి. మీ వదిన భయపడి, "పాడుచేశారు, పిల్లది ఊరుకోదు" అంది. నాకు భయం లేదు. నాకు ఇంగ్లీషూ అంతే, ఈ గీతలూ అంతే. బొమ్మలు మాత్రం మారలేదు. వాటిని పట్టుకునే పోయాను. చక్రం కూడా తిప్పాను. కొండ బొమ్మ దూరానికి. పరిగెత్తే మనిషి బొమ్మ ఎగిరే కొంగకి. చంద్రుడి బొమ్మ చీకటికి. తల బొమ్మ మనుషులకి. గడియారం బొమ్మ దేనికో తెలీలేదు. నొక్కితే ముందు ఎర్ర దీపం టిక్కు టిక్కుమంటుంది గాని ఫోటో పడదు. ఏమైందా అని ముందుకు తిప్పి ముఖం దగ్గర పెట్టి చూస్తుంటే అప్పుడు టక్కుమంటుంది. మూడుసార్లు అలాగే చేసింది. దాన్ని వదిలేశాను.

ఇంకెక్కడో నొక్కితే రంగులు పోయాయి. అప్పుడే మీ వదినని తీశాను. తెర మీద నలుపు తెలుపులో తనని చూసుకుని, "ఏవండీ, నేను పోయానా ఏంటి? అత్తయ్యగారి పక్కన తగిలించడానికే పనికొస్తాను" అని ఒకటే గోల. మళ్ళీ రంగులు తెప్పించి చూపించేదాకా అన్నం పెట్టలేదు.

ఇక అమ్మ సంగతి. మొదట మెరుపు మీద గీత పెట్టడం మరిచాను. అమ్మ ముఖం ఉన్నచోట పెట్రోమాక్సు లైటు వెలిగింది. తరవాత పువ్వు మరిచాను. అమ్మ పొగమంచులో నిలబడ్డట్టు వచ్చింది. తరవాత పువ్వూ పెట్టాను, గీతా పెట్టాను, ఫోటో బల్ల మీద ఉంచితే నా తల నీడ పడింది. చివరికి పదకొండు గంటలప్పుడు అరుగు మీద నిలబడి, ఎడం చేత్తో అమ్మని పట్టుకుని, కుడి చేత్తో తీశాను. పడింది. అమ్మ ముక్కు పుడక కూడా కనపడుతోంది ప్రభావతీ. నీకు తెలీదు, నువ్వు చంకలో పిల్లవి. అమ్మ ఆ రోజు నవ్వలేదని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. కెమెరాలో పెద్దది చేసి చూస్తే పెదవి చివర కొంచెం నవ్వుంది. నన్ను కదలకుండా నిలబెట్టడానికి చెంగు బిగబట్టి, అటు దొరసానమ్మకి నవ్వు చూపిస్తోంది.

ఈ కెమెరాకి కడుపు చిన్నది. పది ఫోటోలకే నిండిపోయి మొరాయించింది. నేను తీసిన కొంగల్ని, గూడకొంగల్ని, అవతలి లంక వాళ్ళ పడవని చెత్తబుట్టలో వేసి అమ్మకి చోటు చేశాను. మంగాయమ్మ కొట్లో కొన్న బ్యాటరీలు రేడియోకి ఏడాది వస్తాయి. దీనికి పూట కూడా రాలేదు. ఎండలో పెట్టి మళ్ళీ వేశాను. వేసినప్పుడల్లా ఏవో అంకెలు అడుగుతుంది. ఏదో ఒకటి నొక్కేశాను.

డబ్బాలో ఒక సీడీ ఉంది. మా ఇంట్లో దాన్ని వేసి చూడ్డానికి ఏమీ లేదు. మీ వదిన ఎండుచేపలు ఆరబోసిన చోట దారం కట్టి వేలాడదీశాను. ఎండకి తళతళమంటుంటే కాకి ఒక్కటి వాలడం లేదు. కెమెరా కంపెనీవాళ్ళు పనికొచ్చే వస్తువే ఇచ్చారు. అది మా దగ్గరే ఉంటుంది. మీ ఊళ్ళో ఆరబోసిన చేపలు లేవు గదా. మిగతావన్నీ పంపుతున్నా.

మోచెయ్యి సంగతి వస్తే చెబుతానన్నావు. అంటే చెప్పడానికి ఏమీ లేదన్నమాట. సరే. పిల్లను ఎవరు నడిపిస్తారో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అదీ సరే.

అన్న
బాలస్వామి


తాడేపల్లిగూడెం
5 జూలై 2006

అన్నయ్యకు వందనాలు.

కెమెరా అందింది. చేపల పెట్టెల మధ్య వచ్చింది గనక రెండు రోజులు ఎండలో పెట్టినా వాసన పోలేదు. తెర మీద ఏ దేశపు అక్షరాలో ఉన్నాయి. క్రిస్టినా గైడు పుస్తకం పక్కన పెట్టుకుని, గడులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషు చేసింది. అదేం పెద్ద సంగతి కాదు.

డబ్బాలో కాగితంలో చుట్టి ఉన్న కార్డు పెట్టి చూశాం; దారిలో పోకుండా విడిగా పెట్టారనుకున్నాం. అన్నయ్యా, అందులో అమ్మ లేదు. మీరు తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. క్రిస్టినా స్కూలు వార్షికోత్సవం, స్నేహితురాళ్ళు, అవే ఉన్నాయి. రెండు వందల ఫోటోలు పట్టే కార్డు అది. పదికే నిండిపోయిందని రాశారు.

ఫోటో ఇవ్వనని మీరు మొదటే రాశారు. ఇష్టం లేకపోతే ఆ మాటే ఇంకోసారి రాస్తే సరిపోయేది. ముక్కు పుడక, పెదవి చివర నవ్వు అని రాయడం ఎందుకండి? ఆ నవ్వు చూద్దామని నేను ఆత్రంగా కెమెరా తెరిచాను. అమ్మ ముఖం నాకు గుర్తుంది గాని, ఆ వయసులో అమ్మ ముఖం నేను చూడలేదు గదా. మీరు చూశారు.

ఆ సీడీ కాకులకి కాదు. కెమెరాలో ఉన్న ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి, సరిచేయడానికి అందులో సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మా కంప్యూటరు పాతది. సీడీ వేయకపోతే కెమెరాని గుర్తుపట్టదు. వదినకి చెప్పి దింపించి పంపండి.

ఆయన అన్నగారు హైదరాబాదు నుంచి ఫోను చేశారు. సూటు కుట్టించుకుంటున్నారట. నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ప్రభావతి


కొల్లేటి లంక
12 జూలై 2006

ప్రభావతి టీచరుగారికి,

నేను అబద్ధమాడానని రాశావు. అమ్మ పేరు పెట్టి అబద్ధమాడానని రాశావు. నేను ముక్కుసూటిగా మాట్లాడి ఈ లంకలో సగం మందితో మాట లేకుండా బతికాను గాని అబద్ధం మాత్రం ఆడలేదు. నీకంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి. నువ్వు నడక నేర్చింది నా వేలు పట్టుకుని.

తీశాను. అమ్మని తీశాను. కళ్ళారా చూశాను, మీ వదిన చూసింది, మంగాయమ్మ చూసి ఏడ్చింది. నీ కెమెరా తినేస్తే నేనేం చేయను?

నీ వస్తువులు ఎంత జాగ్రత్తగా చూశానో విను. మొదటి రోజు బ్యాటరీలు వేద్దామని కింది తలుపు తీస్తే గోరంత నల్ల ముక్క ఒకటి జారి అరుగు మీద పడింది. కొల్లేట్లో పడితే ఇక దొరకదని, అప్పుడే దాన్ని కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టేశాను. తిరిగి పంపేదాకా బయటికి తీయలేదు. గీత కూడా పడలేదు. అంత జాగ్రత్తగా చూసిన మనిషిని ఇలా అంటావా?

సీడీ పంపుతున్నా. దింపిన పూటే కాకులు గంపెడు చేపలు ఎత్తుకుపోయాయి.

ఆయన్ని సూటు కుట్టించుకోనీ. నాకేం? పిల్ల చెయ్యి పట్టుకోవడానికి నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయని మాత్రం అనుకోకు.

ఇక నేను రాయను.

బాలస్వామి


తాడేపల్లిగూడెం
23 జూలై 2006

మా అన్నయ్యకు,

మీరు రాయనన్నా నేను రాస్తున్నాను. మీరు అబద్ధమాడలేదు. అమ్మ దొరికింది.

మీ ఉత్తరం నేను ఏడుస్తూ చదువుతుంటే క్రిస్టినా నా భుజం మీంచి చూసి ఒక్క అరుపు అరిచింది. "అమ్మా! మావయ్య కార్డు లేకుండా తీశారు! కార్డు లేకపోతే ఫోటోలు కెమెరా లోపలే ఉండిపోతాయి. మనం కార్డు పెట్టి చూస్తే లోపలివి కనపడవు!" అంది. ఆ గోరంత నల్ల ముక్కే కార్డు అన్నయ్యా. అందుకే పదికి నిండిపోయింది. అది తీసేసి కెమెరా తెరిస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. టీచరునై ఉండి మీ మాట కంటే కార్డుని నమ్మాను. ఆ మాట అన్నందుకు మీరు ఎంత తిట్టినా పడతాను.

సీడీ కడిగి, తుడిచి వేస్తే చక్కగా పనిచేసింది. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోగానే ఫోటోలన్నీ వరసగా తెర నిండా వచ్చాయి. మీ బావగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటరు ముందుకు తోసుకొచ్చాం. ముందు ఒక కాకి. తరవాత వదిన, నలుపు తెలుపులో, కోపంగా. తరవాత మీరు. తెర నిండా మీ ముఖం. కనుబొమలు ముడిచి, నోరు తెరిచి, ఎవరినో నిలదీస్తున్నట్టు. దాని తరవాత మీ ముక్కు రంధ్రాలు. ఆ తరవాత ఒక్క కన్ను. గడియారం బొమ్మ అంటే, మీట నొక్కిన పది సెకన్లకి అదే తీస్తుందన్నమాట. మీరు సరిగ్గా అప్పుడే ముఖం దగ్గర పెట్టి చూశారు.

క్రిస్టినాకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఇంతలో పక్కన ఏదో చప్పుడైంది. మీ బావగారు. గొంతులోంచి ఏదో తెగినట్టు, దగ్గులాగా. భయపడి చూస్తే నవ్వుతున్నారు అన్నయ్యా. ఏడాది తరవాత. సగం ముఖమే నవ్వింది గాని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు.

అప్పుడు క్రిస్టినా ఊరికే సరదాకి, "నాన్నా, నన్ను గుళ్ళోకి ఎవరు తీసుకెళ్ళాలి? పెదనాన్న సూటు కుట్టించుకుంటున్నారట" అంది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తారు. ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెర మీద మీ ముఖం మీద వేలు పెట్టారు. నేను దించబోతే దించనివ్వలేదు. "అర్థమైంది నాన్నా" అని క్రిస్టినా అనేదాకా అలాగే పెట్టుకుని కూర్చున్నారు.

అమ్మ ఫోటో గురించి. ఆ సాఫ్ట్‌వేర్లో అన్నీ సరిచేసే మీట ఒకటుంది. నొక్కితే అమ్మ దొరసానమ్మంత తెల్లగా అయిపోయింది. అమ్మ ఎప్పుడు అంత తెలుపండి? వెనక్కి తిప్పమన్నాను. ఫోటో మూలన తేదీ కూడా ఏదో తప్పు పడింది. ఉండనీ అన్నాను. చివరికి కత్తిరించే మీట ఉంది. చుట్టూ గీతల పెట్టె వస్తుంది. మనకి కావలసినంత లోపల ఉంచుకుని మిగతాది తీసేయవచ్చు. మీరు చేత్తో పట్టుకున్నారు గదా, అమ్మ పక్కన మీ బొటనవేలు పడింది. క్రిస్టినా అది తీసేయడానికి గీత జరిపింది. గీతకి అవతల ఉన్నదంతా తెర మీద మసకబారింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఏలూరులో ల్యాబుకి అలాగే పంపాం. పెద్ద సైజులో వచ్చింది. అమ్మ, చంకలో నేను, చెంగు పట్టుకుని మీరు, పక్కన బొటనవేలుతో మళ్ళీ మీరు.

ఇక ఆ మోచెయ్యి. వచ్చాక చూపిద్దామనుకున్నాను గాని మీరు వచ్చేలా లేరు. ఆ ఫ్రేము మా స్కూలువాళ్ళు ఇచ్చిన కానుక. సైజు చిన్నది. షాపు తాతాజీ నన్ను అడక్కుండా రెండు వైపులా కోసి బిగించేశాడు. మీరు ఎడమ వైపే చూసి వెళ్ళిపోయారు. కుడి వైపు మా తోటికోడలు, అదే, సూటు పెద్దమనిషి భార్య, సగం ముఖంతో ఉంది. ఆవిడ ఇప్పటికీ "మా చెంప ఎక్కడుంది ప్రభావతీ?" అని ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. మీరు కూడా ఆవిడలా అప్పుడే అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. మొదటే అడగవలసింది. క్రిస్టినాని గుళ్ళోకి మీరు నడిపించండి. మీరు ఔనంటే హైదరాబాదుకి నేనే ఫోను చేసి చెబుతాను.

మీ చెల్లెలు
ప్రభావతి


కొల్లేటి లంక
3 ఆగస్టు 2006

ప్రభావతికి, బావకి వందనాలు. ఈసారి ముందే చెప్పేశాను.

మీరంతా నా ముక్కు చూసి నవ్వారని చదవగానే కాగితం మడిచి చూరులో దోపేశాను. ఈ వయసులో నలుగురికి నవ్వులాటయ్యానా అనిపించింది. రాత్రి మీ వదిన దాన్ని తీసి మిగతాది చదవమంది. బావ నవ్వాడన్న చోట ఆపి, "అది మళ్ళీ చదవండి" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. చదివాను. బావ నవ్వాడంటే సరే. కావాలంటే ఇంకో నాలుగు ముక్కులు తీసి పంపుతాను.

మీ తోటికోడలి చెంప సంగతి నాకు తెలీదు. ఆవిడకి నా వందనాలు చెప్పు. ఆవిడా నేనూ ఎప్పుడైనా కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి.

బొటనవేలు ఉంచావట. ఉంచు. కానీ ఆ రోజు పొద్దున్నే వల బాగుచేసి వచ్చాను. గోరు నల్లగా ఉంది. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా చూస్తారు. కెమెరా ఇంకోసారి పంపితే గోరు కడుక్కుని మళ్ళీ తీస్తాను. నల్ల ముక్క లోపలే ఉంచి తీస్తాను, భయపడకు.

ఇక అసలు సంగతి. బావ వేలు పెట్టాడు. బావ మాట నేను కాదనను. నువ్వూ అడిగావు. కానీ మన ఇంట్లో మేనమామని పిల్ల తల్లి పిలవడం ఎప్పుడైనా ఉందా? నాన్న పోయాక నీ పెళ్ళికి అమ్మ పిలిస్తే అత్తిలి మావయ్య వచ్చాడా? నువ్వే వెళ్ళావు. ఊడుపుల రోజులు, మోకాళ్ళ దాకా బురదతో చేలోకి దిగి, "మావయ్యా, నన్ను గుడికి తీసుకెళ్ళు" అన్నావు. ఆయన నాట్లు వదిలి ఒడ్డుకొచ్చాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. నడిచేది పిల్ల. ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలో పిల్లే అడగాలి. క్రిస్టినా వాళ్ళ నాన్నని అడిగిందని రాశావు, అదీ సరదాకి. నన్ను అడగలేదు.

అది చదువుకున్న పిల్ల. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు పెద్ద ఉద్యోగస్థులట. ఒక పక్క సూటు, ఒక పక్క పంచె. నేను పంచే కట్టుకుంటాను, సూటు వేసుకోను, వేసినా నిలవదు. దానికి మొహమాటంగా ఉంటే, నీ మాట కాదనలేక ఒప్పుకుని ఉంటే, నాకు అక్కర్లేదు. దాని మనసు దాని నోటి నుంచి రావాలి.

ఇంకొకటి కూడా దానికి తెలియాలి. దాచి ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. రెండేళ్ళ నుంచి నా ఎడమ కాలు ఈడుస్తోంది. పడవలో తెలీదు, నేల మీద తెలుస్తుంది. గుడి తలుపు నుంచి పాస్టరుగారి బల్ల దాకా అందరూ లేచి నిలబడి చూస్తుంటే నేను మెల్లగా నడుస్తాను. పిల్ల కూడా నాతో మెల్లగా నడవాలి. కీబోర్డు వాయించే అబ్బాయికి పాట సాగదీయమని చెప్పాలి.

రోజూ సాయంత్రం మా గుళ్ళో మీ వదిన చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. తలుపు నుంచి బల్ల దాకా, బల్ల నుంచి తలుపు దాకా. ఆవిడ పెళ్ళికూతురు. నెత్తి మీద తువ్వాలు ముసుగేసుకుని వస్తుంది. "ఏవండీ, నన్ను ఈడుస్తున్నారు, పిల్లను ఇలా ఈడవకండి" అంటుంది. నిన్న సగం దారిలో కాలు ఆగిపోతే ఆవిడ కూడా ఆగిపోయి, ఏమీ జరగనట్టు నా వైపు చూసి నవ్వుతూ నిలబడింది. పెళ్ళి నాడు అలా ఆగితే పిల్ల కూడా అలాగే నిలబడాలి. పాస్టరుగారు కిటికీలోంచి చూసి, "ఈ వయసులో మళ్ళీ పెళ్ళా బాలస్వామీ?" అన్నారు. కాదండి, ఇంకా పిలుపు రాలేదు, ఊరికే నడుస్తున్నాను అన్నాను. నడుస్తున్నానంటే ఒప్పుకున్నట్టు కాదు. అది నువ్వు గుర్తుపెట్టుకో.

కాబట్టి క్రిస్టినాకి ఈ కాగితం ఇవ్వు. కాలు సంగతి, పంచె సంగతి అంతా చదవమను. చదివాక దాని చేత్తో జవాబు రాయమను. నీ రాత వద్దు, పక్కన కూర్చుని ఎలా రాయాలో చెప్పడం కూడా వద్దు. ఔనైతే ఔనని, కాదైతే కాదని. ఫోను వద్దు. పన్నెండో తారీఖు శనివారం రాత్రి ఏడుకొండలు ఖాళీ పెట్టెలతో గూడెంలో బయలుదేరతాడు, వాడి చేతికివ్వండి. ఆగస్టు పదమూడు ఆదివారం, మా గుడి వదిలే వేళకి ఆ కాగితం నా చేతిలో ఉండాలి. నేను రేవు దగ్గరే నిలబడి ఉంటాను.

క్రిస్టినా మేనమామ
బాలస్వామి